చమురు తెట్టుపై డిస్పర్సెంట్ చల్లితే సముద్రం శుభ్రపడుతుందా, చమురు కంటికి కనబడకుండా పోతుందా?

తీరవాసి_ఉప్పాడ

2025 మే 25న కొచ్చికి నైరుతి దిక్కున ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ నౌక మునిగిపోయినప్పుడు టీవీల్లో ఒకే దృశ్యం పదే పదే వేశారు. కోస్ట్ గార్డ్ విమానం తక్కువ ఎత్తులో ఎగురుతూ నీటి మీద డిస్పర్సెంట్ అనే మందు చల్లుతూ ఉంటుంది, వ్యాఖ్యాత మాత్రం చమురును తొలగిస్తున్నారని చెబుతూ ఉంటాడు. ఆ నౌకలో 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ ఉన్నాయని అప్పుడే ప్రకటించారు. తొలగించడమంటే నా దృష్టిలో సముద్రంలోంచి పైకి తోడి ఒడ్డుకు చేర్చడం. మందు కొడితే పైనున్న పొర కనబడకుండా పోవచ్చు, మరి చమురు ఎక్కడికి పోయినట్టు?

మా కుటుంబంలో ఇప్పటికీ వేటకు వెళ్లేవాళ్లు ఉన్నారు. తెట్టు పైన తేలుతుంటే వల వేయకుండా పక్కకు తప్పుకోగలం. నీళ్లలో కలిసిపోయిన దాన్ని ఏ కంటితో చూసి తప్పుకోవాలి? సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయని ఒక చోట చదివాను, రసాయనం కలిసిన చమురు మామూలు చమురు కంటే ఎన్నో రెట్లు విషమని ఇంకో చోట చదివాను. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయో తెలిసినవాళ్లు ఆధారంతో చెప్పండి. వాట్సాప్‌లో వచ్చినవి వద్దు.

పాతనావికుడు

పైకి తోడడమే మంచిదన్న మాటను ఏ నావికుడూ కాదనడు. తోడగలిగేది ఎంత అన్నదే చిక్కు. బూమ్‌తో (నీటి మీద తేలే అడ్డుకట్ట) చుట్టుముట్టి స్కిమ్మర్‌తో (పైన తేలే చమురును తోడే యంత్రం) తోడాలంటే సముద్రం నెమ్మదిగా ఉండాలి. అలలు లేచాయంటే చమురు బూమ్ పైనుంచీ, కిందనుంచీ జారిపోతుంది. ఎల్సా 3 మునిగేనాటికి కేరళను నైరుతి రుతుపవనాలు తాకి ఒక్క రోజే అయింది. ఆ సముద్రంలో స్కిమ్మర్ దింపడం పేరుకే తప్ప పనికి కాదు.

టీవీలో ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తూ కనబడే పొర మందం ఐదు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) కూడా ఉండదు. దాని మీద చల్లితే మందు చుక్క పొరను చీల్చుకుని నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది, అంతా వృథా. నల్లగానో ముదురు గోధుమ రంగులోనో చమురు మందంగా ఉన్న చోట, అది కూడా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చల్లాలి. తేలిక భాగం ఆవిరైపోయి, నీళ్లు పీల్చుకుని, మేము మూస్ అని పిలిచే గోధుమ రంగు ముద్దగా మారాక ఏ మందూ పట్టదు. ఫర్నేస్ ఆయిల్ అసలే చిక్కనిది కాబట్టి దానికి ఇచ్చిన వ్యవధి ఇంకా తక్కువ.

చిన్నప్రశ్న

ఇంతకీ ఆ మందులో ఏముంటుంది? బట్టల సబ్బేనా?

సూక్ష్మజీవి

సబ్బు చేసే పనే చేస్తుంది. ఒక కొస చమురును, మరో కొస నీటిని పట్టుకునే సర్ఫాక్టెంట్లు అందులో ఉంటాయి, అవి చమురులోకి త్వరగా దిగేందుకు ఏదో ఒక ద్రావణి ఉంటుంది. 2010లో మెక్సికో గల్ఫ్‌లో చమురు ఒలికినప్పుడు వాడిన కోరెక్సిట్ 9500 అనే డిస్పర్సెంట్‌లోని ముఖ్యమైన సర్ఫాక్టెంట్ పేరు డాస్. మలబద్ధకానికి డాక్టర్లు రాసే డోక్యుసేట్ సోడియం కూడా ఇదే పదార్థం.

ఇక ప్రధాన ప్రశ్నకు వస్తాను. డిస్పర్సెంట్ చమురులో ఒక్క అణువును కూడా నాశనం చేయదు. అది చమురును సన్నటి బిందువులుగా విడగొడుతుంది, అంతవరకే దాని పని. సుమారు 70 మైక్రాన్ల కంటే చిన్న బిందువులు మళ్లీ పైకి తేలి తెట్టు కట్టవు, నీటి కదలికకే తేలియాడుతూ చెదిరిపోతాయి. సూక్ష్మజీవులు చమురూ నీరూ కలిసే అంచున పని చేస్తాయి కనుక అంచు ఎంత పెరిగితే వాటికి అంత చోటు దొరుకుతుంది. ఒక మిల్లీమీటరు చుక్కను పది మైక్రాన్ల బిందువులుగా విడగొడితే పది లక్షల బిందువులు అవుతాయి, మొత్తం ఉపరితలం వంద రెట్లు పెరుగుతుంది. డిస్పర్సెంట్ వాడాలనే వాదన మొత్తం ఈ లెక్క మీదే నిలబడింది.

ఇందులో జనం తక్కువగా మాట్లాడుకునే సంగతి ఒకటుంది. చమురులో కార్బన్, హైడ్రోజన్ పుష్కలంగా ఉంటాయి కానీ నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. సూక్ష్మజీవి ఒళ్లు పెంచుకోవాలంటే అవి చుట్టూ ఉన్న నీటిలోంచే రావాలి. మందపాటి తెట్టు కింద అవి ఇట్టే అయిపోతాయి. చమురు పలచబడి లీటరుకు ఒక మిల్లీగ్రాము స్థాయికి వస్తే సముద్రంలో సహజంగా ఉన్న కొద్దిపాటి పోషకాలే సరిపోతాయి. నా ఉద్దేశంలో అంచు పెరగడం కంటే ఈ పలచబడడమే పెద్ద మేలు.

అనుమానం_పక్షి

సూక్ష్మజీవి గారు, ఈ పాఠం చమురు కంపెనీల కరపత్రాల్లో కూడా అచ్చు ఇలాగే ఉంటుంది. పలచబడడం అంటే పాపాన్ని పంచి పెట్టడమే. 1967లో టోరీ కాన్యన్ ఒలికినప్పుడు కూడా డిటర్జెంట్ పోస్తే అంతా సర్దుకుంటుందన్నారు. ఏం జరిగిందో చెప్పండి.

విషశాస్త్రం

టోరీ కాన్యన్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ చర్చలో ఉన్న భయాలకు సగం మూలం అక్కడే ఉంది. 1967 మార్చి 18న ఆ ట్యాంకర్ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కు పడమరగా, సెవెన్ స్టోన్స్ అనే రాతి గుట్టల మీదికి ఎక్కింది. అందులో దాదాపు 1,19,000 టన్నుల కువైట్ ముడి చమురు ఉంది. సముద్రంలోనూ, తీరంలోని రాళ్ల మీదా కలిపి సుమారు 10,000 టన్నుల డిటర్జెంటు పోశారు. అది సముద్రం కోసం తయారు చేసినది కాదు, ఇంజిన్ల జిడ్డు కడిగే రకం. దాని ద్రావణిలోనే ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు (వలయాకారపు అణువులున్న విష పదార్థాలు) ఎక్కువ.

చమురు ఒక్కటే పడిన రాళ్ల మీద లింపెట్ అనే గుల్లజీవులు చాలావరకు బతికాయి, కొన్ని ఆ చమురునే నాకి తినేశాయి. డిటర్జెంటు పోసిన రాళ్ల మీద అవి కుప్పలుగా చచ్చిపోయాయి. పాచిని గీకి తినే ఆ జీవులు పోవడంతో రాళ్లన్నీ పచ్చటి నాచుతో కప్పుకుపోయాయి, ఆ తీరం పూర్వపు సమతూకానికి రావడానికి చాలా చోట్ల పదేళ్లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ పట్టింది. మందు పోయని తీరం రెండు మూడేళ్లలోనే కోలుకుంది. ఆ తర్వాతే తక్కువ విషం ఉన్న ద్రావణులతో కొత్త తరం డిస్పర్సెంట్లు వచ్చాయి, తీరంలోని రాళ్ల మీద వాటిని పోయకూడదన్న జాగ్రత్త కూడా వచ్చింది. కాబట్టి అనుమానం_పక్షి గారు చెప్పిన ఉదాహరణ నిజమే, కానీ నేటి మందును ఆ మందుతో తూచడం కుదరదు.

వైజాగ్_గాలి

ఆ ఓడ మీద బ్రిటిష్ వైమానిక దళం బాంబులు వేసి, నాపామ్ అనే మండే జిగురు పోసి తగలబెట్టాలని కూడా చూసింది. ఒలికిన చమురు మీద యుద్ధం ప్రకటించిన మొదటి ప్రభుత్వం అదేనేమో. అందులోనూ కొన్ని బాంబులు గురి తప్పాయి.

హ్యూస్టన్‌వాసి

అసలు పరీక్ష జరిగింది 2010లో, మా పక్కనే. ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. సుమారు 1,500 మీటర్ల లోతులో ఉన్న మకాండో బావి 87 రోజులు చమురు కక్కింది. ప్రభుత్వ అంచనా 49 లక్షల బ్యారెళ్లు, సముద్రంలో కలిసింది 31.9 లక్షల బ్యారెళ్లని 2015లో కోర్టు తేల్చింది. వాడిన డిస్పర్సెంట్ దాదాపు 70 లక్షల లీటర్లు. అందులో సుమారు 29 లక్షల లీటర్లను బావి నోటి దగ్గరే, సముద్రగర్భంలో, పైపుతో చమురు ధారలోకి ఎక్కించారు. అంత లోతులో అంతకు ముందు ఎవరూ ఎప్పుడూ చేయని పని అది.

మే నెలలో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇంతకంటే తక్కువ విషం ఉన్న మందు చూడమని ఆ బావి యజమాని అయిన చమురు కంపెనీ బీపీని ఆదేశించింది. కంపెనీ వేరే దారి లేదంది. చివరికి ఉపరితలం మీద చల్లడం బాగా తగ్గించాలని, వాడకం మొత్తమ్మీద 75 శాతం తగ్గాలని ఆదేశం వచ్చింది, అయినా మినహాయింపుల మీద మినహాయింపులు అడుగుతూ చల్లుతూనే పోయారు. అప్పట్లో పేపరు తెరిస్తే రోజూ ఇదే రగడ.

తీరవాసి గారి ప్రశ్నకు అక్కడ ఒక సూటి జవాబు దొరికింది. చమురు ఎక్కడికి పోయిందంటే, అందులో పెద్ద భాగం పైకి రాలేదు. సుమారు 1,100 మీటర్ల లోతులో కిలోమీటర్ల పొడవున పొగమంచులా పరుచుకున్న పొరగా నిలబడింది. పై నుంచి చూసేవాళ్లకు అది లేనట్టే.

తీరవాసి_ఉప్పాడ

అంటే నేను భయపడ్డదే జరిగిందన్నమాట. మరి ఆ పొరను సూక్ష్మజీవులు తిన్నాయా లేదా?

సూక్ష్మజీవి

తిన్నాయి, కానీ అన్నీ తినలేదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు 2010లోనే ఆ లోతు నీటిని తెచ్చి చూస్తే ఓషియనోస్పిరిల్లేలిస్ వర్గం బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి కనబడింది. నీరు దాదాపు 5 డిగ్రీల చలిలో ఉన్నా, కొన్ని ఆల్కేన్లు (చమురులో తేలిగ్గా విరిగే గొలుసు అణువులు) సగానికి తగ్గడానికి పట్టిన కాలం సుమారు ఒక రోజు నుంచి ఆరు రోజులే. తర్వాత నెలల్లో కోల్వెలియా, సైక్లోక్లాస్టికస్ రకాలు ముందుకొచ్చాయి. సైక్లోక్లాస్టికస్ ఆరోమాటిక్ వలయాలను విప్పగలిగిన రకం. మెక్సికో గల్ఫ్ అడుగున సహజంగానే చమురు ఊట ఊరుతూ ఉంటుంది కాబట్టి అక్కడి సూక్ష్మజీవులకు ఆ తిండి కొత్త కాదు. ఇదే చమురు అలాంటి ఊటలు లేని సముద్రంలో ఒలికితే అదే వేగం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఏవి తింటాయన్నది కూడా ముఖ్యం. నిటారు గొలుసు ఆల్కేన్లు ముందు పోతాయి, తర్వాత రెండు మూడు వలయాల ఆరోమాటిక్‌లు, నాలుగు వలయాలు దాటినవి చాలా నెమ్మదిగా పోతాయి. రెజిన్లు, అస్ఫాల్టీన్లు అనే తారులాంటి బరువు భాగాలు దాదాపు అలాగే మిగిలిపోతాయి. అందుకే ఎంత తగ్గిందో కొలవడానికి సూక్ష్మజీవులు ఇంచుమించు ముట్టని హోపేన్ అనే పదార్థాన్ని కొలబద్దగా పెట్టుకుని, దానితో పోల్చి మిగతావి ఎంత పోయాయో లెక్క వేస్తారు. ముడి చమురులో ఈ మొండి భాగం తక్కువ, ఫర్నేస్ ఆయిల్‌లో ఎక్కువ. కొచ్చి విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఇదే.

అనుమానం_పక్షి

మందు వేసినందువల్లే త్వరగా తిన్నాయని ఎలా చెబుతారు? మందు లేకపోయినా ఆ లోతులో, ఆ ఒత్తిడిలో ధార తనంతట తానే బిందువులుగా చీలి ఉండేది కదా. పైగా 2015లో జార్జియా విశ్వవిద్యాలయం బృందం ప్రచురించిన ఫలితం చూడండి. డిస్పర్సెంట్ కలిపితే చమురు తినే మారినోబాక్టర్ అణిగిపోయింది, కోల్వెలియా పెరిగింది, మొత్తం మీద చమురు విచ్ఛిన్నం వేగం పుంజుకోలేదు. కొన్ని సూక్ష్మజీవులు చమురును వదిలి మందునే తింటున్నాయన్న అనుమానం కూడా అందులో ఉంది.

సూక్ష్మజీవి

ఆ అధ్యయనం నేనూ చదివాను, తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. దానికి చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్‌లో పని చేసిన రోజర్ ప్రిన్స్ వర్గం ఇచ్చిన జవాబు కూడా చదవాలి. ప్రయోగశాల సీసాలో చమురు పలచబడదు, పోషకాలు కొత్తగా రావు, కాబట్టి అసలు సముద్రంలో జరిగే ముఖ్యమైన పనే అక్కడ జరగదన్నది వాళ్ల వాదన. వాళ్లు న్యూజెర్సీ తీరపు నీటిలో, 8 డిగ్రీల దగ్గర, పది లక్షల భాగాల నీటికి రెండున్నర భాగాల చమురుతో చేసిన ప్రయోగంలో కొలవదగిన హైడ్రోకార్బన్లు సగానికి రావడానికి రెండు వారాల లోపే పట్టింది. రెండు బృందాలూ నిజమే చెబుతున్నాయని నా నమ్మకం. సీసాలో ఎంత చమురు పోశారన్న దగ్గరే జవాబు మారిపోతోంది.

మీరు మొదట అడిగింది న్యాయమైన ప్రశ్న. బావి నోటి దగ్గర మందు ఎక్కించకపోయినా ఎంతో కొంత చమురు బిందువులుగా చీలి ఉండేదే. మందు వల్ల అదనంగా ఎంత చీలిందన్న దాని మీద కంప్యూటర్ నమూనాలతో లెక్కలు వేసేవాళ్లు ఒకరితో ఒకరు ఏకీభవించలేదు.

అనుమానం_పక్షి

'ఎక్సాన్‌మొబిల్‌లో పని చేసిన'. నేనింకేమీ అనను.

హ్యూస్టన్‌వాసి

అనకండి, ఎందుకంటే గల్ఫ్ మీద వచ్చిన పరిశోధనల్లో చాలావాటికి డబ్బు బీపీ ఇచ్చిన 50 కోట్ల డాలర్ల నిధి నుంచే వచ్చింది. ఆ నిధిని స్వతంత్ర బోర్డు నడిపింది, అందులోంచి కంపెనీకి ఇబ్బంది కలిగించే ఫలితాలు బోలెడు వచ్చాయి. ఎవరి డబ్బన్నది తప్పకుండా చూడండి, తర్వాత లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములన్నది కూడా చూడండి.

రొయ్యలరైతు

నేను భీమిలి వైపు హేచరీ నడిపేవాడిని, కాబట్టి విషం సంగతి నాకు పుస్తకంలో కంటే తొట్లలో ఎక్కువ తెలుసు. ఒకసారి మా ఇన్‌టేక్ పైపు దగ్గరలో ఏదో బోటు డీజిల్ ఒలకబోసింది. నీటి మీద మెరుపు కూడా సరిగ్గా కనబడలేదు, వాసన మాత్రం ఉందా లేదా అన్నట్టుంది. తల్లి రొయ్యలకు ఏమీ కాలేదు. జోయియా దశలో ఉన్న పిల్లలు మాత్రం తెల్లారేసరికి తొట్టి అడుగుకు చేరాయి, బీకరులో తీసి వెలుతురుకు పెట్టి చూస్తే ఈదే కదలిక లేదు, పేగులో మేత గీత లేదు. ఆ బ్యాచ్ మొత్తం పారబోశాం. పెద్ద చేప బతికిందా లేదా అని చూసి సముద్రం బాగుందని చెప్పేవాళ్లను నేను నమ్మను.

విషశాస్త్రం

రొయ్యలరైతు గారు చెప్పింది ఈ చర్చలో అందరికంటే విలువైన మాట. విషం గురించి వివరంగా రాస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మందు విషమా, చమురు విషమా అన్న ప్రశ్నకు ఈపీఏ 2010లోనే ఎనిమిది రకాల డిస్పర్సెంట్లను మైసిడ్ రొయ్య మీద, సిల్వర్‌సైడ్ అనే చిన్న చేప మీద పరీక్షించింది. మందు ఒక్కటే అయితే చమురు కంటే తక్కువ విషం. మందు కలిపిన చమురు విషం దాదాపు చమురు విషంతో సమానం. అంటే చంపేది ప్రధానంగా చమురే.

మరి తీరవాసి గారు చదివిన 'ఎన్నో రెట్లు' ఎక్కడిది? 2013లో వచ్చిన ఒక అధ్యయనం కోరెక్సిట్ కలిసిన చమురు రోటిఫర్ అనే సూక్ష్మ ప్లవకానికి 52 రెట్ల వరకు ఎక్కువ విషమని చెప్పింది, పత్రికలు ఆ అంకెను పట్టుకున్నాయి. ఇలాంటి అంకెలు ఎలా పుడతాయో చూడండి. రెండు సీసాల్లో సమానంగా చమురు పోసి, ఒక దాంట్లో మాత్రమే మందు కలిపామనుకోండి. మందు లేని సీసాలో చమురు పైన తేలుతుంది, నీళ్లలోకి దిగేది అతి స్వల్పం. మందు ఉన్న సీసాలో అదే చమురు నీళ్లంతా నిండుతుంది. పోసిన చమురును బట్టి లెక్కిస్తే తేడా ఎన్నో రెట్లు వస్తుంది. నీటిలో నిజంగా ఎంత చమురు ఉందో కొలిచి దాన్ని బట్టి లెక్కిస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

అనుమానం_పక్షి

కరిగిపోయింది మీ భిన్నంలో హారం మాత్రమే. సముద్రంలో ఉన్న రోటిఫర్‌కు ఏ సీసాలో ఎంత పోశారో తెలియదు. మందు చల్లకపోతే దాని దగ్గరికి చమురు వచ్చేది కాదు, చల్లినందుకు వచ్చింది. ఆ జీవి వైపు నుంచి చూస్తే 52 రెట్లే సరైన లెక్క.

విషశాస్త్రం

ఒప్పుకుంటాను, ఇది నిజమైన అభ్యంతరమే. మందు చమురు గుణాన్ని మార్చకపోయినా, చమురు చేరే జీవుల జాబితాను మారుస్తుంది. పైన తేలితే పక్షులు, తాబేళ్లు, తీరం, మడ అడవులు బలవుతాయి. కిందికి దింపితే గుడ్లు, లార్వాలు, ప్లవకాలు, పగడాలు బలవుతాయి. నిర్ణయం తీసుకునేవాళ్లు చేసేది ఈ ఎంపికే, దానికి శుభ్రపరచడం అని పేరు పెట్టడమే నాకు నచ్చనిది.

సీసాలో ప్రయోగం సాధారణంగా 96 గంటలు ఒకే గాఢత దగ్గర సాగుతుంది. బహిరంగ సముద్రంలో చల్లిన చోట పై పది మీటర్ల నీటిలో గాఢత మొదట లీటరుకు పదుల మిల్లీగ్రాముల దాకా వెళ్లినా గంటల్లోనే పడిపోతుంది. కాబట్టి చచ్చిపోవడం అనే కొలత సముద్రంలో అంత తేలిగ్గా చేరదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేవి చావు దాకా రాని నష్టాలు. 2014లో వచ్చిన పరిశోధనల్లో మకాండో చమురు ట్యూనా గుండె కణాల్లో పొటాషియం, కాల్షియం ప్రవాహాలను అడ్డుకుందని తేలింది. అదే ఏడాది ట్యూనా పిండాల మీద చేసిన పనిలో మూడు వలయాల ఆరోమాటిక్‌లు లీటరుకు కొద్ది మైక్రోగ్రాములు ఉన్నా గుండె సరిగ్గా ఏర్పడలేదు. ఆ చేపపిల్ల ఆ రోజు చావదు. పెరిగాక వేగంగా ఈదలేదు, ఏదో ఒక దానికి ఆహారమైపోతుంది, ఏ లెక్కలోకీ రాదు.

ఎండ కూడా తోడవుతుంది. లార్వాల శరీరం పారదర్శకంగా ఉంటుంది, లోపలికి చేరిన పీఏహెచ్‌లు (ఒకటి కంటే ఎక్కువ వలయాలున్న ఆరోమాటిక్‌లు) అతినీలలోహిత కిరణాలు తగిలితే ఎన్నో రెట్లు తీవ్రంగా పని చేస్తాయి. దీపం కింద చేసిన పరీక్షలు మన ఉష్ణమండల సముద్రాలకు తక్కువ అంచనా ఇచ్చే అవకాశం ఉంది.

తీరవాసి_ఉప్పాడ

మీరు గుడ్లు, లార్వాలు అంటుంటే నాకు వేట నిషేధం గుర్తొచ్చింది. మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్, జూలై నెలల్లో మర బోట్లు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని కారణం చెబుతారు, మేమూ పస్తులుండైనా పాటిస్తాం. ఎల్సా 3 మునిగింది సరిగ్గా ఆ కాలం అంచున. వల వేయకూడని నీటిలో మందు చల్లవచ్చా?

పాతనావికుడు

ఆ ప్రశ్న అధికారుల ముందు పెట్టాల్సిందే. అయితే రెండో పక్క కూడా చూడండి. చల్లకుండా వదిలేస్తే రుతుపవనపు గాలి ఆ తెట్టును కేరళ తీరానికే తోస్తుంది. ఉత్తర చెన్నై తీరంలో ఏం జరిగిందో తెలుసు కదా. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఢీకొన్నాయి. చిక్కటి ఇంధన చమురు రాళ్ల కట్టల్లో పేరుకుపోతే విద్యార్థులు, మత్స్యకారులు చేతులతో, బకెట్లతో ఎత్తిపోశారు. తీరానికి వచ్చిన చమురు పక్షి రెక్కకు అంటుకుంటుంది, తాబేలు గుడ్లు పెట్టే ఇసుకలోకి దిగుతుంది. గాలి ఆడని మడ బురదలోకి వెళ్లిందంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, అక్కడ సూక్ష్మజీవులకు ఆక్సిజనే దొరకదు.

మందు పని చేసిన సందర్భం కూడా ఉంది. 1996 ఫిబ్రవరిలో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవన్ దగ్గర సీ ఎంప్రెస్ అనే ట్యాంకర్ నుంచి 72,000 టన్నుల తేలిక ముడి చమురు ఒలికితే 446 టన్నుల డిస్పర్సెంట్ వాడారు. సుమారు సగం చమురు నీటిలో చెదిరింది, దాదాపు 40 శాతం ఆవిరైంది, తీరానికి చేరింది స్వల్ప భాగం. తాజా చమురు, తేలిక రకం, కదిలే సముద్రం మూడూ కలిసొచ్చాయి.

వైజాగ్_గాలి

అయినా వేలాది సముద్రపు బాతులు చచ్చాయి అక్కడ, అది వదిలేశారు. 1993లో షెట్లాండ్ దగ్గర బ్రేయర్ అనే ట్యాంకర్ నుంచి 84,000 టన్నులు ఒలికినప్పుడు తుఫానే చాలావరకు చెదరగొట్టేసింది, మందు వాడింది చాలా తక్కువ. తుఫానులో మందు చల్లి విజయం ప్రకటించుకోవడం అధికారులకు చాలా సులువు.

చిన్నప్రశ్న

చమురు తినే బ్యాక్టీరియాను మనమే తయారు చేసి చల్లితే గొడవ తీరిపోతుంది కదా? మన భారతీయ శాస్త్రవేత్త ఒకరు పేటెంట్ కూడా తీసుకున్నారని విన్నాను.

సూక్ష్మజీవి

ఆనంద చక్రవర్తి గారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పని చేస్తూ చమురులోని వేర్వేరు భాగాలను విడగొట్టగల సూడోమోనాస్‌ను రూపొందించారు. జీవికి పేటెంట్ ఇవ్వవచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది, జీవ సాంకేతిక పరిశ్రమ ఆ తీర్పు మీదే ఎదిగింది. ఒలికిన చమురు మీద ఆ జీవిని మాత్రం ఎన్నడూ వదలలేదు. సముద్రంలో బ్యాక్టీరియాకు ఎప్పుడూ కొరత లేదు, కొరతంతా పోషకాలకే. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ చమురు అలాస్కా తీరాన్ని ముంచినప్పుడు రాళ్ల మీద ఎరువు చల్లి అక్కడి సూక్ష్మజీవులనే పెంచారు, అది కొంత ఫలించింది. బహిరంగ సముద్రంలో ఎరువు చల్లితే అలలకు కొట్టుకుపోతుంది.

హ్యూస్టన్‌వాసి

మళ్లీ గల్ఫ్‌కు. ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది, మందు సంగతి. త్వరగా విరిగిపోతుందన్న డాస్ లోతు పొరలో చల్లడం ఆపిన రెండు నెలలకు కూడా కొలతకు దొరికింది. తర్వాత లోతు పగడాల మీద, నాలుగేళ్ల తర్వాత తీరంలోని తారు ఉండల్లో కూడా దొరికింది. చలిలో, చమురులో చిక్కుకుని ఉంటే అది విరగదు.

రెండోది, కొంత చమురు తినబడలేదు, పలచబడలేదు, నేరుగా అడుగుకు చేరింది. సూక్ష్మజీవులు విడుదల చేసే జిగురుకు చమురు, మట్టి, చచ్చిన ప్లవకాలు అంటుకుని ముద్దలై సముద్రగర్భానికి రాలాయి. డిస్పర్సెంట్ ఈ రాలడాన్ని పెంచిందా తగ్గించిందా అన్న దాని మీద ప్రయోగాలు రెండు వైపులా ఉన్నాయి.

మూడోది మనుషులు. ప్రమాదం తర్వాత పని చేసినవాళ్లను వేల సంఖ్యలో ఏళ్ల తరబడి పరిశీలిస్తున్న ప్రభుత్వ అధ్యయనం 2017లో ఒక ఫలితం ఇచ్చింది. డిస్పర్సెంట్‌కు దగ్గరగా పని చేసినవాళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగుసుకోవడం, కళ్ల మంటలు ఎక్కువగా కనబడ్డాయి. దీనికి ఎదురుగా ఇంకో వాదన ఉంది. బావి నోటి దగ్గర మందు ఎక్కించడం వల్లే బెంజీన్ వంటివి పైకి తక్కువగా వచ్చాయి, లేకపోతే బావి మూసే పనిలో ఉన్న ఓడల మీద మనుషులు నిలబడలేకపోయేవారు. ఈ వాదనలో బలం ఉందని నేను అనుకుంటున్నాను. ఉపరితలం మీద విమానాలతో చల్లిన దానికి మాత్రం ఇది వర్తించదు.

రొయ్యలరైతు

తినే చేప సంగతి ఎవరూ చెప్పలేదు. వినియోగదారుడు ఒక్కసారి వాసన పసిగట్టాడంటే ఆ ఏడాది మార్కెట్ పోయినట్టే.

విషశాస్త్రం

చేపలు పీఏహెచ్‌లను కాలేయంలో మార్చి వారాల్లో బయటికి పంపేస్తాయి. ఆలిచిప్పల వంటి గుల్లజీవులకు ఆ శక్తి తక్కువ, వాటిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. గల్ఫ్‌లో ఒక దశలో ఫెడరల్ జలాల్లో 37 శాతం దాకా వేటకు మూసేశారు. తిరిగి తెరిచే ముందు శిక్షణ పొందినవాళ్లు చేప ముక్కను పచ్చిగా, వండి కూడా వాసన చూశారు, ఆ తర్వాత రసాయన పరీక్ష చేశారు. కాబట్టి రొయ్యలరైతు గారు, మీ వినియోగదారుడి ముక్కుకు అక్కడ అధికారిక హోదా ఉంది.

వైజాగ్_గాలి

మన దగ్గర పద్ధతి ఏమిటి? ఎవరు అనుమతిస్తారు?

పాతనావికుడు

జాతీయ చమురు ఒలుకు విపత్తు ప్రణాళిక 1996 నుంచి ఉంది, సముద్రంలో స్పందనకు కోస్ట్ గార్డే సమన్వయ సంస్థ. ఏ మందైనా వాడొచ్చని లేదు, పరీక్షించి ఆమోదించిన రకాలే వాడాలి. లోతు విషయంలో బ్రిటన్ నియమం నాకు బాగా నచ్చుతుంది. 20 మీటర్ల కంటే తక్కువ లోతున్న నీటిలో, లేదా ఆ నీటికి ఒక నాటికల్ మైలు దగ్గరలో చల్లాలంటే ప్రత్యేక అనుమతి తప్పనిసరి. లోతు లేని చోట పలచబడడానికి నీళ్లే ఉండవు. కోరంగి మడ అడవుల ముందున్న కాకినాడ అఖాతంలో నీటి లోతు తక్కువ. అక్కడ ఏదైనా ఒలికితే బూమ్ వేయడమే దిక్కు, మందు తెరవకూడదని నా అభిప్రాయం. బయట కృష్ణా-గోదావరి బేసిన్ లోతు బావుల దగ్గర తాజా చమురు ఒలికితే నేను వేరేలా ఆలోచిస్తాను.

అనుమానం_పక్షి

పాతనావికుడు గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను, తేదీ రాసిపెట్టుకోండి. ఒక్కటే చేరుస్తాను. 2018లో అమెరికాలోని ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవాళ్లు తేలియాడే చమురు ఎండకు కొద్ది రోజుల్లోనే రసాయనికంగా మారిపోయి మందుకు లొంగడం తగ్గుతుందని చూపించారు. అంటే ఆలస్యంగా చల్లిన మందులో చాలా భాగం వట్టిగా సముద్రంలో పోసినట్టే. మన ఎండలకు ఆ వ్యవధి ఇంకెంత కుదించుకుపోతుందో చూసుకోవాలి.

తీరవాసి_ఉప్పాడ

నాకు కావలసింది చాలావరకు దొరికింది. పై పొర పోయిందంటే నష్టం పోయినట్టు కాదని, మందు కంటే చమురే ఎక్కువ విషమని, లోతూ చమురు రకమూ చూడకుండా మంచీ చెడూ చెప్పలేమని అర్థమైంది. ఒక్కటే మిగిలింది. మందు పని చేసిందో లేదో చల్లినవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ సంగతి మాకెలా తెలుస్తుంది?

పాతనావికుడు

మొదట కంటితోనే చూస్తారు. తేలిక చమురుకు మందు పట్టిందంటే తెట్టు కింద పాలు కలిపిన కాఫీ రంగు మబ్బు లేస్తుంది. తెల్లటి పాల రంగు మాత్రమే వచ్చిందంటే మందు చమురును వదిలి నీళ్లలో కలిసిందని అర్థం, వెంటనే ఆపాలి. తర్వాత బోటు నుంచి ఫ్లోరోమీటర్‌ను (నీటిలోని చమురును కాంతితో కొలిచే పరికరం) ఒక మీటరు లోతులోనూ, ఇంకా కింద కూడా లాగుతూ మూడు చోట్ల కొలవాలి: చమురు లేని చోట, చల్లని తెట్టు కింద, చల్లిన తెట్టు కింద. మూడో అంకె రెండో దానికంటే బాగా ఎక్కువ ఉంటేనే మందు పని చేసినట్టు.

రొయ్యలరైతు

ఆ మూడు అంకెలనూ ఎప్పుడైనా తీరంలో నోటీసు బోర్డు మీద అంటించారా?

పాతనావికుడు

నేను చూడలేదు. అడిగితే ఇవ్వాల్సిన సమాచారమే అది. ఎక్కడ చల్లారు, ఎన్ని లీటర్లు, నీటి లోతెంత, చల్లక ముందు నమూనా తీశారా అన్నవి కూడా కలిపి సమాచార హక్కు చట్టం కింద ఒకే దరఖాస్తులో అడగండి.

తీరవాసి_ఉప్పాడ

ముసాయిదా ఇక్కడే పెడతాను. విషశాస్త్రం గారు, ఏయే పీఏహెచ్‌లు కొలిచారని అడగాలో మీరు ఒక వాక్యం రాసివ్వండి.